పాలు కారిన వేప

మా నాయన బడే సాబ్‌కు దూది ఏకడం ఎంత బాగా వచ్చో, మొహమాటపడటం అంతకన్నా బాగా వచ్చు. ఎవరింట్లోనైనా మాడిన అన్నం పెడితే, ‘శానా బాగుందమ్మా’ అని మారు వడ్డించుకుని మరీ తినేవాడు. మా అమ్మ జైనాబ్ బీ కూడా తక్కువేమీ కాదు. పక్కింటి చౌడమ్మత్త ఇద్దరికీ సరిజోడు. మాకు చుట్టమేమీ కాదు, కానీ నాయనను అన్నా అనీ, అమ్మను వదినా అనీ పిలిచేది కాబట్టి నాకు అత్తయింది. ఈ ముగ్గురి మధ్యా ఒక చీలిన వేపచెట్టు వచ్చి పడింది.

డెబ్బైతొమ్మిదిలో మేము ఆదోని ఊరి చివర, పత్తి లారీలు తిరిగే దారిలో ఉండేవాళ్ళం. మట్టి మిద్దె, వాకిట్లో వేప. ఆ చలికాలం ఒక లారీ వెనక్కి వస్తూ చెట్టును గుద్దిపోయింది. మాను నిలువునా చీలి, చెట్టు మా మిద్దె వైపుకు ఒరిగింది. పడితే ఏ మూల మీద పడుతుందో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. ఆ మూల గదిలోనే నాయన దూలానికి విల్లు వేలాడగట్టుకుని పొద్దంతా దూది ఏకేవాడు.

కట్టెలు కొట్టే తిక్కయ్యతో మాట్లాడి, వచ్చే వారం రమ్మన్నాడు నాయన. ఆలోపలే చెట్టు చీలిక నుంచి తెల్లగా, నురగ నురగగా పాలు కారడం మొదలైంది. అప్పుడే చౌడమ్మత్త కూతురు హులిగమ్మకు అమ్మవారు పోసి ఒళ్ళంతా కాలిపోతోంది. అత్త పరుగెత్తుకొచ్చి చెట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఆ పాలు తీసుకుపోయి పిల్ల నొసటికి రాసింది. పిల్ల బతికింది. ఇంకేముంది, పెద్దకడుబూరు నుంచి కూడా జనం టెంకాయలు పట్టుకుని రాసాగారు.

తిక్కయ్య గొడ్డలితో వచ్చి, చెట్టును చూసి వెనకడుగు వేశాడు.

“పసుపు పూసిన సెట్టు మీద గొడ్డలి యెట్ల యేసేదన్నా? చౌడమ్మ ఒక్క మాట సెప్తే సాలు. పొద్దుగూకే లోపల పడగొడతా.”

“అడుగుతాలేప్పా” అన్నాడు నాయన.

అడగడానికి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ చౌడమ్మత్త ఇచ్చిన మజ్జిగ తాగి, హులిగమ్మ బాగోగులు కనుక్కుని తిరిగి వచ్చాడు.

“ఆయమ్మ బిడ్డ బతికిందని సంబరంలో ఉండాది. ఈ మాట యెట్ల అడగల్ల?” అన్నాడు.

“నేనడుగుతా నాయనా” అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

“నోరు మూసుకో మున్నీ. సాయిబుల నోట్లో నుంచి ఆ మాట వస్తే ఆమె మనసు యేమైతాది?”

అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. శుక్రవారం శుక్రవారం చెట్టు మొదట్లో ఊదుకడ్డి వెలిగించడం మొదలుపెట్టింది. నీకెందుకమ్మా ఇదంతా అంటే, “చౌడమ్మ సూస్తే సంతోషపడుతుంది” అనేది. చౌడమ్మత్త గోడ అవతలి నుంచి చూస్తూనే ఉండేది.

ఉగాదికి పాలు ఆగిపోయాయి. కొత్త చిగురు వేయాల్సిన చెట్టు ఆకు రాల్చుకోసాగింది. ఒరుగు ఇంకాస్త పెరిగింది. ఒక సాయంత్రం చౌడమ్మత్త మా వాకిట్లోకి వచ్చి చాలాసేపు చెట్టు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే అమ్మ ఊదుకడ్డి పట్టుకుని బయటికి వచ్చింది.

“యేం వదినా, యేమన్నా సెప్పల్లా?” అంది అమ్మ.

“యేం లేదులే వదినా. పాలు తోడేసేకి మజ్జిగ సుక్క ఉంటాదేమో అని వస్తి.”

మాకు రోజూ మజ్జిగ పోసే మనిషి మా ఇంటికి తోడుకు వచ్చిందంటే అప్పుడే అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు. అమ్మ లోపలికి పోయి తోడు తెచ్చి ఇచ్చింది.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం ఎర్రదుమ్ము లేచింది. ఆ వెనకే గాలి. మాను కిర్రుమన్న చప్పుడుకు అమ్మా నేనూ బయటికి ఉరికాం. నాయన మాత్రం విల్లు విప్పుకోవడానికి ఆగాడు. చెట్టు పడింది. మిద్దె మూల కూలి, దూలం నాయన కుడి భుజం మీద పడింది.

ప్రాణానికి భయం లేదన్నారు ఆసుపత్రిలో. చెయ్యి ఉంటుంది కానీ భుజం పైకి లేవదన్నారు. దూదేకులవాడికి ఆ భుజం లేవకపోతే ఇంకేం మిగిలినట్టు? నాయన ఆ మాట విని తల ఊపాడు. వాళ్ళను నొప్పించకూడదని కాబోలు, ‘మంచిదయ్యా’ అన్నాడు కూడా.

మర్నాడు చౌడమ్మత్త చెంబుతో మజ్జిగ పట్టుకుని వచ్చింది. మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది.

“పాలు నిలిసినప్పుడే పూజారి ఉచ్చీరప్ప సెప్పినాడన్నా. తల్లి యెళ్ళిపోయింది, ఇంగ కొట్టుకోవచ్చు అని. ఆ మాట సెప్దామనే ఆ పొద్దు వస్తి.”

“మరి యెందుకు సెప్పకపోతివి వదినా?” అంది అమ్మ.

“యెట్ల సెప్పేది? మీరు సాయిబులై ఉండి ఊదుకడ్డి ముట్టిస్తాండారు. మాకంటే మీకే భక్తి ఎక్కువుంది, కొట్టేయమంటే యేమనుకుంటారో అని...”

నాయన పైకప్పు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. “నీ కోసమే ఉంచుకుంటిమి కదమ్మా.”

నాకు ముగ్గురి మీదా అరవాలనిపించింది. ముగ్గురినీ పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. ఒక్కరైనా చెడ్డవాళ్ళయి ఉంటే నా కోపానికి ఒక దారి దొరికేది.

లేచి పోతున్న చౌడమ్మత్తను అమ్మ “రేపు రా వదినా” అంది. వస్తానంది.

“అత్తా, నిజంగా వస్తావా? మా అమ్మ బాధపడుతుందని అంటాండావా?” అని అడిగేశాను. అత్త చెంబు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆమె రాలేదు. మేం ఇంటికి వచ్చాక కూడా గడప తొక్కలేదు. నాయన ముఖం చూడలేక అని వీధిలో అనుకున్నారు. పడిన చెట్టును తిక్కయ్య ఎవరినీ అడక్కుండానే ముక్కలు చేసి తీసుకుపోయాడు.

వానలు మొదలయ్యే వేళకు ఎమ్మిగనూరులో మగ్గం నడుపుకునే మా మామ మమ్మల్ని తన దగ్గరికి రమ్మన్నాడు. సామాన్లన్నీ ఎద్దులబండికి ఎత్తిన రోజు చౌడమ్మత్త తలుపు మూసే ఉంది. తలుపు సందులో ఆమె చీర మాత్రం కనిపిస్తోంది.

“నాయనా, ఒక్క మాట పిలువు. నువ్వు పిలిస్తే వస్తుంది” అన్నాను.

నాయన బండి మీద నుంచి ఆ తలుపు వైపు చూశాడు. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“వద్దులే మున్నీ. పిలిస్తే ఆయమ్మ మనసు కష్టపడుతుందేమో” అన్నాడు.

బండి కదిలింది.