పైచెలమ

రాజధాని కర్నూలుకు వచ్చినప్పుడు కమలాపురంలో ఎవరూ కాలు కదపలేదు. అది హైదరాబాదుకు పోతుందని పేపర్లో పడ్డాక మాత్రం అందరికీ తొందర పుట్టింది. అందరికన్నా ఎక్కువ తొందర హైస్కూల్లో చరిత్ర, భూగోళం చెప్పే జ్ఞానరాజు మాస్టరుది. ఒకప్పుడు నవాబులకు, ఇప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు. మళ్లీ మామూలు ఊరైపోకముందే పిల్లలకు చూపించాలని ఆయన పట్టుదల. యాభైయారో సంవత్సరం, పరీక్షలయిపోయిన వారంలో ప్రయాణం పెట్టుకున్నాడు.

మాస్టరు మంచివాడే గానీ దిక్కుల దగ్గర మాత్రం కటువు. క్లాసులో ఎవరైనా కుడి, ఎడమ అన్నారంటే చెవి మెలిపడేది. "కుడి ఎడమలు నీ చేతులకురా, భూమికి కాదు" అనేవాడు. పటంలో నదిని చూపించమంటే బెత్తంతో పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా గీయాలి. మధ్యలో పెట్టి ఇదిగో అంటే ఒప్పుకునేవాడు కాదు.

మాస్టరు ఊరి బయటి చర్చి పేట మనిషి. ప్రయాణానికి పేరిచ్చిన వాళ్లలో పేట పిల్లలూ, ఊళ్లో రెడ్ల పిల్లలూ ఉన్నారు. అందుకని బడి కమిటీ ప్రెసిడెంటు నరసింహారెడ్డి ఇంటి నుంచి కబురొచ్చింది. మాస్టరు వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. మాట్లాడింది నరసింహారెడ్డి కాదు, ఆయన తల్లి సుబ్బలక్ష్మమ్మ. ఆ ఇంట్లో ఆఖరి మాట ఆమెదే.

"మా మనవడు రామకృష్ణను పంపిస్తాలే మాస్టరూ. కూడూ నీళ్లూ మటుకు ఎవురివి వాళ్లకే ఉండల్ల. కలిసినాయని తెలిసిందంటే నువ్వు ఈ ఊర్లో ఉండేది లేదు, చెప్తాండా."

మాస్టరు సరేనన్నాడు. ఆమె ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. ఆయనకు ముందున్న మాస్టరు ఏదో ఎదురుమాట అన్నందుకు బద్వేలు అవతల, అడవి అంచున ఉన్న బడికి బదిలీ అయిపోయాడు. పైగా జ్ఞానరాజు మాస్టరు ఒక్కడే కాదు. వేంపల్లె దగ్గరి కూలివాళ్ల పిల్లవాడు లేవి ఆయన ఇంట్లోనే తిని చదువుకుంటున్నాడు. మాస్టరు ఊరు విడిస్తే లేవి చదువు కూడా ఆగిపోతుంది. ఆ సంగతి లేవికి తెలుసు, ఊరికీ తెలుసు.

గుంతకల్లులో ఒక బండి, ద్రోణాచలంలో ఒక బండి మారి పిల్లలు పొద్దున్నే కర్నూల్లో దిగారు. రాజధాని అంటే గోపురాలూ ఏనుగులూ కాకపోయినా, కనీసం నాలుగు మేడలైనా ఉంటాయని వాళ్ల ఆశ. ఎదురుగా వరసగా డేరాలు కనిపించాయి. డేరాల ముందు గుమాస్తాలు పంచెలు ఆరేసుకుంటున్నారు, వాళ్ల ఆడవాళ్లు కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి పోట్లాడుకుంటున్నారు.

"రాజధాని యాడ ఉండాది సార్?" అన్నాడు రామకృష్ణ.

"ఇదేరా."

"తిరణాల మాదిరి ఉండాదే!"

మాస్టరుకు కోపం రాలేదు. ఆయనకూ అట్లాగే అనిపించింది. శాసనసభ చూడటానికి పాసులు తేవాలి కాబట్టి, తాను ఒక సభ్యుడి బస వెతుక్కుంటూ వెళ్తూ, "కోట పక్కన ఏట్లోకి దిగి సద్దులు తింటూ ఉండండి, వస్తాను" అని పిల్లలను రామకృష్ణకు అప్పజెప్పాడు.

పిల్లలు తుంగభద్రలో దిగారు. ఎండాకాలం మొదలైంది. పైన సుంకేసుల దగ్గర నీళ్లు కాలవకు మళ్లిపోగా, ఇక్కడ బండల మధ్య మడుగులు, మడుగుల చుట్టూ ఇసుక మిగిలాయి. మడుగుల్లో నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచి చూసింది కమలాపురం పక్కన పాపఘ్ని. ఏరంటే వాళ్ల లెక్కలో ఇసుక. తాగే నీళ్లంటే ఆ ఇసుకలో మోచేతిలోతు తవ్వితే ఊరే చెలమ. కళ్లెదుట నీళ్లుండగా ఒక్కడికైనా అటు పోవాలనే ఆలోచన రాలేదు. అందరూ మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడసాగారు.

బట్టలుతుకుతున్న ఒకామె నవ్వు ఆపుకోలేకపోయింది. "నీళ్ల పక్కన కూకోని నీళ్లకు తవ్వుతాండారు, ఏ ఊరప్పా మీది?"

"కమలాపురం" అన్నాడు లేవి గర్వంగా.

చెలమలు రెండు తవ్వారు. తవ్వమని ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరా లేదు. పాపఘ్నిలో ఊరివాళ్లది పైచెలమ, పేటవాళ్లది కిందిచెలమ. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి గనక, ఎవరు తాకింది ఎవరికి రాకూడదో దానికి తగ్గట్టు ఏర్పాటు. ఊరి గట్టు నుంచి పాపఘ్నిలోకి దిగితే పైభాగం కుడిచేతి పక్కన ఉంటుంది. రామకృష్ణ జట్టు కాళ్లు వాటంతటవే కుడిపక్కకు నడిచాయి. లేవి జట్టు ఎడమపక్కకు పోయింది. కొర్రన్నం, చెనిక్కాయల పొడి తిని అందరూ కడుపునిండా తాగారు.

మాస్టరు పాసులతో తిరిగి వచ్చి గట్టు మీదే ఆగిపోయాడు. కుడిపక్క చెలమ చూశాడు, ఎడమపక్క చెలమ చూశాడు, తలెత్తి ఎండ చూశాడు. తుంగభద్ర తూర్పుకు పారుతుంది. ఈ గట్టు మీద నిలబడితే తూర్పు కుడిపక్క. అంటే రెడ్ల పిల్లలు తవ్వింది కిందిచెలమ.

"తాగారా?" అన్నాడు.

"తాగినాం సార్. శానా తియ్యగా ఉండాయి" అన్నాడు రామకృష్ణ మూతి తుడుచుకుంటూ.

ఉద్యోగం, ఇల్లు, లేవి చదువు అన్నీ ఆ రెండు గుంటల మధ్య పడి ఉన్నట్టు మాస్టరుకు కనిపించాయి. వెళ్లి లేవి పక్కన కూర్చుని తన సద్ది విప్పాడు, మళ్లీ కట్టేశాడు.

శాసనసభ కాసేపు చూశారు. ఒకాయన లేచి రాయలసీమ నీళ్ల కరువు గురించి మాట్లాడాడు. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నిద్రపోయారు. అక్కడి నుంచి సాయంత్రం కొండారెడ్డి బురుజు ఎక్కారు.

ఎత్తు మీదికి ఎక్కితే చాలు, మాస్టరు చేయి చాచి దిక్కులు చెప్పాలి. అది ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం రాళ్ల గురించి చెప్పాడు, నవాబుల గురించి చెప్పాడు, దిక్కుల జోలికి పోలేదు. రామకృష్ణే అడిగాడు. "మన కాలవకు నీళ్లొచ్చే సుంకేసుల యా పక్క సార్?"

మాస్టరు పొద్దు గుంకుతున్న వైపు చూపించాడు.

లేవి పొద్దునూ చూశాడు, కింద మెరుస్తున్న ఏటినీ చూశాడు. కాసేపు వేళ్లతో ఏదో లెక్క వేసుకున్నాడు. ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"రేయ్, పైన తవ్వింది మేమురా! మీరు తాగింది మా కిందిది!"

వాడి మొహంలో అంత సంతోషం మాస్టరు ఎన్నడూ చూడలేదు. పరీక్షలో మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా వాడు అట్లా నవ్వలేదు. మిగతా పేట పిల్లలు మొదట బెదిరారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ నవ్వారు.

"లేవీ!" అని మాస్టరు వాడి భుజం పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

రామకృష్ణ మొహం మాడిపోయింది. వాడికి పౌరుషం కన్నా ముందు అవ్వ గుర్తొచ్చింది. తెలిస్తే తలమీద బిందెలు బిందెలు నీళ్లు గుమ్మరిస్తుంది, ఆవు పంచితం తాగిస్తుంది, వాకిట్లో పడుకోబెడుతుంది. "నేను చెప్పను సార్. మీరూ ఎవురికీ చెప్పొద్దండి" అన్నాడు. కిందిచెలమలో తాగినవాళ్లంతా తలలూపారు. మాస్టరు మీద ప్రేమ కొద్దీ కాకపోయినా, మాట మాటే కదా అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఊరు చేరిన రోజు సాయంత్రం పిల్లవాణ్ణి అప్పగించడానికి మాస్టరు లేవిని వెంటబెట్టుకుని ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ వాకిట్లో నిలబడ్డారు. అరుగు మీద సుబ్బలక్ష్మమ్మ ఆకులకు సున్నం రాస్తోంది. పక్కన చెనిక్కాయల వ్యాపారి ఓబన్న కూర్చుని ఉన్నాడు.

"నీళ్లు యాడ తాగినారు నాయినా?" అని అడిగింది ఆమె మనవణ్ణి.

"యేట్లో అవ్వా. రెండు చెలమలు తవ్వినాం. మాది కుడిపక్క, పైది."

అక్కడితో అయిపోవలసిందే. ఓబన్న ఊరుకోలేదు. "కుడిపక్కనా? యా గట్టున దిగినారప్పా?"

"కోట పక్కన."

"మల్ల కుడిపక్క కింద అవుతాది గదా? ఆ యేరు తూర్పుకు పారతాది. సరుకుతో ఎన్నితూర్లు పోయింటా నేను!"

సుబ్బలక్ష్మమ్మ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. మనవడు తల వంచుకున్నాడు. ఆమె వాకిట్లోకి చూసింది.

"ఏమప్పా మాస్టరూ, సదువు చెప్పేటోనివి నువ్వు. ఆ యేరు యా దిక్కుకు పారతాది?"

జ్ఞానరాజు మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పిన పిల్లలను ఆయన ఎందరినో బెంచీ ఎక్కించాడు.

"పడమటికమ్మా" అన్నాడు.

"పడమటికా!" అన్నాడు ఓబన్న.

"మీరు చూసింది హంద్రి అయి ఉంటుంది ఓబన్నా. రెండూ అక్కడే కలుస్తాయి. కొత్తవాళ్లకు తికమక."

"ఏమో సామీ, సదువుకున్నోళ్లు మీరు. మీకే తెలియల్ల" అని ఓబన్న తగ్గిపోయాడు. మాస్టరుకు సిగ్గేసింది. ఓబన్న ఇంకాస్త వాదించినా బాగుండేదనిపించింది.

సుబ్బలక్ష్మమ్మకు ఇంకా తృప్తి లేదు. పెద్దవాళ్లు సర్ది చెప్తారని ఆమెకు తెలుసు. లేవి వైపు తిరిగింది. "రేయ్, నువ్వు చెప్పు. మీరు యాడ తాగినారు?"

లేవి మాస్టరు వైపు చూశాడు. మాస్టరు నేల చూస్తున్నాడు. రామకృష్ణ అరుగు మీది నుంచి కళ్లతోనే బతిమాలుతున్నాడు. లేవి చేతులు కట్టుకున్నాడు.

"కిందనే అమ్మా. మేము కిందిచెలమలోనే తాగినాం."

"ఆ మాట ముందే చెప్పకూడదా?" అని ఆమె ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. "సరే, పోండి."

ఇద్దరూ పేట దారి పట్టారు. ఉద్యోగం దక్కింది, లేవి చదువూ దక్కింది. సంతోషపడాలని మాస్టరు ప్రయత్నించాడు, చేతకాలేదు. చర్చి మలుపు దగ్గర లేవి ఆగాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

"సార్, తుంగభద్ర తూర్పుకే గదా పారేది?"

"తూర్పుకేరా."

"మల్ల మేము పైన్నే తాగినాం గదా సార్?"

మాస్టరు వెనక్కి తిరిగి దారి పొడుగునా చూశాడు. ఎవరూ రావడం లేదు.

"పైనే తాగారు" అన్నాడు, గొంతు తగ్గించి.