మహిళా సహాయకురాలు

పన్నెండు జెర్సీలు బకెట్లో నానుతున్నాయి. తెల్లవారుజామున ఐదింటికే లేచి ఆమె ఒక్కొక్కటే పిండి దండెం మీద వేస్తోంది. పదింటికి సెమీఫైనల్. అది గెలిస్తే సాయంత్రం నాలుగింటికి ఫైనల్. హాల్లో జట్టు అమ్మాయిలిద్దరు ఒకే దుప్పటి కోసం కొట్లాడుకుని అలిసిపోయినట్టు అడ్డదిడ్డంగా పడుకుని ఉన్నారు. వాళ్ళని దాటుకుంటూ వచ్చి అత్తగారు బాత్రూం గుమ్మంలో నిలబడింది.

“కన్న కూతురి గౌన్లు కూడా నువ్వు ఇంత శ్రద్ధగా ఉతికినట్టు గుర్తులేదు నాకు. ఊళ్ళో పిల్లల చెమటంతా మన ఇంట్లోనే వదలాలా?”

“ఇవాళొక్కరోజే కదండీ అత్తయ్యా.”

పదకొండేళ్ళుగా ప్రతిసారీ ఆ ఒక్కరోజే. పొద్దున్న రెండు గంటలు క్లబ్బు కోర్టులో, పగలంతా పోస్టాఫీసు కౌంటరులో, సాయంత్రం మళ్ళీ కోర్టులో, ఆ తర్వాత వంటింట్లో. భర్త క్లబ్బుకి సెక్రటరీ. “మా ఆవిడకి వాలీబాల్ అంటే సరదా, ఏదో కాలక్షేపం” అని ఎవరితోనైనా నవ్వుతూ చెబుతాడు. ఆ కాలక్షేపంలోనే జట్టు నాలుగు కప్పులు తెచ్చింది. కాగితాల పని ఆయనది, కోర్టు పని ఆమెది. అలా పంచుకున్నామనుకుంది. కోచ్‌కి ఇచ్చే జ్ఞాపిక ఆయన వెళ్ళి తీసుకుంటే, క్లబ్బు తరఫున సెక్రటరీ తీసుకుంటున్నాడనుకుంది.

ఆ రోజు ఆయన కూడా పెందలాడే లేచాడు. తెల్ల టీషర్టు తనే ఇస్త్రీ చేసుకున్నాడు. “ఫైనల్‌కి వాలీబాల్ సంఘం ఛైర్మన్ గారు వస్తున్నారు. పొద్దుట్నుంచే నేనూ బెంచీ మీద కూర్చుంటా” అన్నాడు. ఆమెకి నిజంగానే సంతోషం వేసింది. ఇన్నాళ్ళకి పక్కన కూర్చుంటున్నాడు!

మొదటి సెట్‌లో పదిహేడు, ఇరవై. అవతలి జట్టు అయిదో నంబరు పిల్ల కొట్టిన బంతి కొట్టినట్టే మూలలో పడుతోంది. ఇక ఆపాలి. ఆమె లేచి రెండు చేతులూ కలిపి టైమ్ అవుట్ అడిగింది.

రెండో రిఫరీ విజిల్ వెయ్యలేదు. పొట్టి జుట్టు, కోపం లేని ముఖం, మాట మాత్రం గీత గీసినట్టుంది. దగ్గరికి వచ్చి, “కూర్చోండమ్మా. టైమ్ అవుట్ కోచ్ అడగాలి” అంది.

“నేనే కోచ్‌ని.”

రిఫరీ చేతిలో అట్ట మీద ఉన్న జాబితా చూసుకుంది. ఆమెకీ చూపించింది. కోచ్ అన్నచోట భర్త పేరు. ఆ కింద వైద్యుడి గడి ఖాళీ. అట్టడుగున, ఆడపిల్లల జట్టుకి తోడుగా ఒక ఆడమనిషి ఉండి తీరాలన్న నియమం కోసం పెట్టిన గడిలో, మహిళా సహాయకురాలు: ఆమె పేరు.

అక్షరాలు భర్తవే. గుండ్రంగా, శుభలేఖ మీద రాసినట్టు.

చిన్న పోటీల్లో ఎవరు లేచి అడిగినా విజిల్ వేసేసేవారు. జాబితా చూసే రిఫరీ ఇన్నేళ్ళలో ఒక్కరూ తగల్లేదు. ఆమె కూర్చుంది. చెవుల్లో గాలి ఊదినట్టుంది. ఎదురుగా తను నడిపించిన జట్టే ఆడుతోంది గానీ, ఎవరో అద్దాల అవతల ఆడుతున్నట్టు చప్పుడు వినిపించడంలేదు.

ఎవరో మోచేత్తో పొడిస్తే భర్త ఫోను జేబులో పెట్టుకుని టైమ్ అవుట్ అడిగాడు. అమ్మాయిలు చుట్టూ మూగారు.

“బాగా ఆడండమ్మా. కసిగా ఆడాలి. మన క్లబ్బు పరువు!” అన్నాడు. ఆ తర్వాత ఆయన దగ్గర మాటల్లేవు.

పన్నెండు తలలూ ఆమెవైపు తిరిగాయి. ఆమె నీళ్ళ సీసాలు అందిస్తూ, దొంగసరుకు చేరవేసినట్టు చెప్పింది: “అయిదో నంబరు ముందు భుజం దించుతోంది, అప్పుడే మూలకి కొడుతోంది. భుజం దిగగానే రెండడుగులు వెనక్కి వెళ్ళండి.”

ఆ సెట్టు పోయినా, మ్యాచ్ గెలిచారు. పిల్లలు కేకలు పెడుతూ గదిలోకి పరిగెత్తారు. కెప్టెన్ మాత్రం ఆగింది. ఆ పిల్లని అందరూ నిచ్చెన అంటారు, అంత పొడుగు.

“మేడమ్, ఏమైంది? అలా ఉన్నారేంటి?”

“ఆ జాబితా ఎప్పుడైనా చూశావా నువ్వు?”

“మూడేళ్ళుగా నేనే కదా మేడమ్ సంతకం పెడుతున్నా, కెప్టెన్ చోట.”

“అందులో నా పేరు ఎక్కడుందో తెలుసా?”

“తెలుసు. అందరికీ తెలుసు.” నిచ్చెన ఆమె ముఖంలోకి చూసి గతుక్కుమంది. “మీకు తెలీదా? మీరే ఒప్పుకున్నారనుకున్నాం మేడమ్! మా అమ్మ కూడా, నేను మాటకి మాట చెప్పినప్పుడల్లా అంటుంది, ‘మీ మేడమ్‌ని చూసి నేర్చుకోవే, అంతా తనే చేసి కూడా ఆయన్నే ముందు నిలబెడుతుంది, సంసారం అంటే అలా సర్దుకుపోవాలి’ అని.”

ఆమె గోడకి ఆనుకుంది. జాబితా చూసినప్పుడు కళ్ళు తిరిగాయి, అంతే. ఈ మాటకి కాళ్ళకింద నేల లేకుండా పోయింది. పదకొండేళ్ళుగా తను ఈ పిల్లలకి ఆట నేర్పుతున్నాననుకుంది. వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి నేర్చుకున్న పాఠం ఇదన్నమాట! బంతికోసం నేలమీద పడి మోకాళ్ళు చీరుకుపోయినా లేచే పిల్లకి, తల వంచుకోవడానికి ఉదాహరణ తను. తనకి తెలియకుండానే, తన ఒప్పుకోలు కూడా ఎవరో రాసేసుకున్నారు.

భర్త టీ దుకాణం దగ్గర దొరికాడు.

“నా పేరు అక్కడెందుకు రాశారు?”

“ఎక్కడ? ఓ, అదా!” నవ్వాడు. “కోచ్ అని ఆడపేరుంటే సంఘంలో సీరియస్‌గా తీసుకోరు. నీకు తెలీదు ఆ గొడవలు. అయినా నువ్వే అన్నావుగా, కాగితాలు మీరే చూసుకోండి అని?”

అంది. నిజమే. చంకలో పసిపిల్ల, పొయ్యి మీద పాలు ఉన్నప్పుడు అంది.

“నాకు సర్టిఫికెట్ ఉంది. మీకు లేదు.”

“పేరులో ఏముందే? నువ్వైతే ఒకటి, నేనైతే ఒకటీనా? అసలు సంగతి విను. పదకొండేళ్ళ రికార్డు చూసి రాష్ట్ర జట్టు శిబిరానికి నన్ను కోచ్‌గా తీసుకుంటున్నారు. ఇవాళ ఛైర్మన్ గారు వస్తున్నది అందుకే. నువ్వూ వద్దువుగాని. ఆడపిల్లలు కదా, ఎవరో ఒకరు తోడుండాలిగా.”

ఆయన సంతోషంగా చెప్పాడు. అదే ఆమెని నిలువునా కొయ్యబార్చింది. ఆ ముఖంలో దాపరికం లేదు, తప్పు చేశానన్న జంకు లేదు. దోచుకున్నానని కూడా తెలియని మనిషితో పద్నాలుగేళ్ళు కాపురం చేసింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా ఆమె స్కోరు బల్ల దగ్గరికి నడిచింది.

“ఫైనల్‌కి నేను మహిళా సహాయకురాలిగా ఉండడంలేదు” అని చెప్పింది రెండో రిఫరీతో.

“అయితే మీ జట్టు కోర్టులోకి రాకూడదమ్మా. కోచ్ కాక విడిగా ఒక ఆడమనిషి ఉండి తీరాలని నియమం.”

“తెలుసు. అందుకే చెబుతున్నా. కోచ్‌గా నా పేరు రాయండి, ఆ పనికి వేరేవాళ్ళని పెడతా.”

పిల్లల పుట్టినతేదీ కాగితాలుండే ఫైలులో అట్టడుగు నుంచి తన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. పెళ్ళికి ముందుది, అంచులు పసుపెక్కాయి. రిఫరీ అటూ ఇటూ తిప్పి చూసి, “చెల్లుతుంది. క్లబ్బు సెక్రటరీ సంతకం కావాలి” అంది.

భర్త పరుగున వచ్చాడు. “నీకేమైనా పిచ్చి పట్టిందా? అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఇంట్లో పెన్ను దొరకదండీ,” అంటూ ఆమె పెన్ను అందించింది.

గ్యాలరీలో మొదటి వరసలో ఛైర్మన్ మెడ చాచి చూస్తున్నాడు. కోర్టు అంచున పన్నెండుమంది పిల్లలు బొమ్మల్లా నిలబడ్డారు. అప్పుడు మెట్ల మీది నుంచి ఒక గొంతు వినిపించింది. నిచ్చెన వాళ్ళమ్మ, బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చినట్టుంది.

“నీళ్ళ సీసాలందించడానికేగా? నేనున్నా. నా పేరు రాసుకోండి.”

భర్త సంతకం పెట్టాడు. అక్షరాలు ఈసారి గుండ్రంగా రాలేదు.

మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఆ సంగతే ఆమెని అన్నిటికన్నా ఎక్కువ దిమ్మెరపోయేలా చేసింది. పదకొండేళ్ళు, రెండు నిమిషాలు!

ఫైనల్ అయిదు సెట్లు నడిచింది. ఆమె లేచిన ప్రతిసారీ విజిల్ పలికింది. గొంతు పోయేలా అరిచింది. ఆఖరి సెట్లో పదమూడు పదమూడు దగ్గర నిచ్చెనకి ఊపిరాడడం లేదని బయటికి పిలిచి ఇంకో పిల్లని దించింది. అది తప్పయింది. కొత్తగా దిగిన పిల్ల చేతుల మీంచే రెండు బంతులూ జారిపోయాయి. కప్పు అవతలి జట్టుకి వెళ్ళింది.

ఏడుస్తున్న పిల్లని ఆమె దగ్గరికి తీసుకుంది. “నీ తప్పు కాదమ్మా. దించింది నేను” అని చెబుతుండగా భర్త వచ్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“చూశావా? పదకొండేళ్ళలో నా పేరు మీద ఒక్క ఫైనలూ పోలేదు. ఇవాళ నీ పేరెక్కింది, కప్పు పోయింది. ఛైర్మన్ గారు నావైపు చూడకుండానే వెళ్ళిపోయారు. ఇప్పుడు సంతోషమేనా?”

పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. నిచ్చెన, నిచ్చెన వాళ్ళమ్మ కూడా. ఈ మాటకి తను కుంగిపోవాలి కదా అని ఒక్క క్షణం లోపల వెతుక్కుంది. ఎంత వెతికినా అక్కడ ఓటమి తప్ప అవమానం దొరకలేదు.

“ఇది నా మొదటి మ్యాచ్ కదండీ,” అంది. “మొదటి మ్యాచ్‌కే కప్పు తెమ్మంటే ఎలా?”