రెప్పలు మూసిన చేపలు

ధవళేశ్వరం చేపల మార్కెట్లో కొనేవాళ్లు ముందు మొప్ప ఎత్తి చూస్తారు, తర్వాత కన్ను చూస్తారు. కన్ను మెరిస్తేనే బేరం. వీరవేణి పాతికేళ్లుగా అక్కడ చేపలమ్ముతోంది గానీ ఆమె కళ్లు సరిగ్గా చూసినవాళ్లు తక్కువ. పైరెప్పల తోలు జారి కళ్ల మీద పడిపోయింది. ఎంత కాటుక పెట్టినా ఆ మడతల్లో కనపడేది కాదు. కాటుకంటే ఆమెకు ప్రాణం. అందుకే ఎవరినీ అడక్కుండా రాజమండ్రి వెళ్లి రెప్పలకు ఆపరేషన్ చేయించుకుంది.

ఇంకేముంది, పేటకి పని దొరికింది. చూడ్డానికొచ్చిన ప్రతి మనిషీ ఒక పథ్యం చెప్పి వెళ్లింది. వంకాయ వద్దన్నారు, గోంగూర వద్దన్నారు, చేప ముట్టుకోనే వద్దన్నారు. డాక్టరమ్మ మాత్రం అన్నీ తినమంది. బరువులెత్తొద్దు, వంగొద్దు, కళ్లు నలపొద్దు అంది. వీరవేణి డాక్టరమ్మ మాటే వింది. తలగడలు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే, మొగుడు పల్లంరాజు వల బాగుచేసుకోవడం ఆపి, గుడ్డలో ఐసు చుట్టి కళ్ల మీద ఆనించేవాడు. కళ్లు నేరేడు పళ్లలా ఉబ్బాయి. మొదట్లో రెప్పలు పూర్తిగా కలిసేవి కావు. సగం కళ్లు తెరుచుకునే నిద్రపోయేది.

ఆ రోజుల్లోనే ఆమె గంపలో చేపలకు రెప్పలొచ్చాయి. వీరవేణి చోట్లో ఆడపడుచు శ్యామలాంబ కూర్చుంటోంది. బొచ్చెలు, శీలావతులు ఆమె ముందు గట్టిగా కళ్లు మూసుకుని పడుండేవి. కన్ను చూడకుండా ఎలా కొంటామండీ అని జనం పక్క గంప దగ్గరికి వెళ్లిపోయేవారు.

కుట్లు తీశారు. కళ్ల కింది నలుపు పసుపుకి తిరిగింది. వీరవేణి నల్లకళ్లద్దాలు పెట్టుకుని మార్కెట్టుకొచ్చింది. శ్యామలాంబ పీట మీంచి లేవలేదు. ఈ వయసులో సోకు చేసుకున్నదాని దగ్గర ఎవరు కొంటారంది. ఇంటి పరువేం కావాలంది. చివరికి గొంతు తగ్గించింది.

"శుక్లాలు తీయించుకున్నానని చెప్పు. ఆ ఒక్క మాట అను, లేచిపోతాను."

ఆ మాటంటే పీట దక్కుతుంది. అనకపోతే పాతికేళ్ల చోటు పోతుంది. అనెయ్యమన్నట్టు వెంట వచ్చిన పల్లంరాజు కూడా తలూపాడు. వీరవేణికి ఒళ్లు మండింది. కళ్లద్దాలు తీసి, ఆ వాపు కళ్లతోనే అందరివంకా చూసింది.

"నా చూపుకేం కాలేదు వదినా. అందం కోసమే చేయించుకున్నాను. నా కళ్లు నాకు నచ్చాలని."

గంపలో పైనున్న బొచ్చె ముందుగా కళ్లు తెరిచింది. ఆ తర్వాత శీలావతి. చూస్తుండగానే గంపంతా తళతళా కళ్లు విప్పి వీరవేణి వంక చూసింది. ఒక్క చేపా శ్యామలాంబ వైపు తిరగలేదు.

పక్క గంప దగ్గర వంగినాయన నిటారుగా లేచి ఇటొచ్చాడు.

"ఆ బొచ్చె తియ్యమ్మా వీరవేణీ."

శ్యామలాంబ లేవక తప్పలేదు. తాను బరువులెత్తకూడదు కాబట్టి గంప కాస్త ఇటు జరపమని వీరవేణి ఆమెకే చెప్పింది. ఆవిడ జరిపింది.

వాపంతా తగ్గి, డాక్టరమ్మ సరేనన్నాక, వీరవేణి కళ్లనిండా కాటుక పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఆ రోజు నుంచి కొనేవాళ్లు ముందు ఆమె కళ్లు చూస్తున్నారు, తర్వాతే చేప కన్ను.