కోల్బె మాస్టారి రాజీనామా

దేదీప్యకి జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా యూనివర్సిటీ లైబ్రరీలో ఆమెకి దొరికిన పార్ట్‌టైమ్ పని, యూనివర్సిటీ బోర్డు సమావేశాల్ని జర్మన్‌లో చేత్తో రాసిపెట్టిన, వందేళ్లు దాటిన మినిట్స్ పుస్తకాలు స్కాన్ చేయడం. అమెరికాలో విస్కాన్సిన్‌లోని ఆ యూనివర్సిటీని జర్మనీ నుంచి వలసొచ్చిన రైతులూ వడ్రంగులూ కలిసి పెట్టారు. తమ ఇళ్లకి సరైన పైకప్పు లేని రోజుల్లోనే చదువుల కోసం రాళ్లు మోశారట.

ఆ సంగతులన్నీ ఆమెకి చెప్పింది వాల్టర్ కోల్బె. ఎనభై మూడేళ్ల రిటైర్డ్ ఇంజనీరు. ప్రతి మంగళవారం వచ్చి, ఆ పాత రాత చదివి, ఇంగ్లీషులో అర్థం చెప్పేవాడు. ఈ ఏడాది ఆయన చూపు బొత్తిగా మందగించింది.

"ఇంక నావల్ల కాదమ్మాయ్" అని ఒక మంగళవారం చేతికర్ర అందుకున్నాడు.

"అక్షరాలు నాకు నేర్పండి. నేను పైకి చదువుతాను, మీరు అర్థం చెప్పండి" అంది దేదీప్య.

ఆయన నవ్వాడు. "ఈ రాత ఇప్పటి జర్మన్లకే రాదు."

"మా తాతయ్య ఖమ్మంలో దస్తావేజులు రాసేవాడు. ఆయన గొలుసుకట్టు రాత చదివినదాన్ని, ఇదెంత?"

తీరా మొదలెట్టాక చుక్కలు కనిపించాయి. 'ఈ' ఏదో 'ఎన్' ఏదో తెలిసి చావదు. ఆమె తప్పు పలికితే ఆయన కళ్లు మూసుకునే సరిదిద్దేవాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ కలిసి ఒక మనిషిలా చదవసాగారు. కళ్లు ఆమెవి, చెవులు ఆయనవి.

నవంబర్‌లో 1918 పుస్తకం తెరిచారు. మధ్యలో ఒక పేజీ దగ్గర దేదీప్య ఆగింది. "ఆగస్ట్ కోల్బె అని ఉంది. మీ ఇంటిపేరే!"

వాల్టర్ ముఖం ముడుచుకుంది. "మా తాత. ఇక్కడ జర్మన్ చెప్పేవాడు. జర్మనీతో యుద్ధం రోజుల్లో తీసేశారు. ఆ అవమానంతో మా ఇంట్లో జర్మన్ మాటే వినపడనిచ్చేవారు కాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. సరే, చదువు."

ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. ఆయన వింటూ ఇంగ్లీషులో చెబుతూ పోయాడు. శత్రువుల భాష ఇక్కడ ఉండకూడదని ఊళ్లో జనం మీదికొచ్చారు. లైబ్రరీలోని జర్మన్ పుస్తకాలు తగలబెట్టాలన్నారు. అప్పుడు కోల్బె మాస్టారు సభలో లేచి నిలబడ్డాడు. 'జనం కోపం చల్లారడానికి ఒకరు పోవాలంటే నేను పోతాను. పుస్తకాలు ముట్టుకోవద్దు' అన్నాడు. బోర్డు ఒప్పుకుంది. నాలుగు వేల పుస్తకాలు నేలమాళిగలో పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాతి పేజీ నుంచి రాతంతా ఇంగ్లీషే.

దేదీప్య తలెత్తి పైకి చూసింది. తర్వాతెప్పుడో పైఅంతస్తుకి చేరి, ఇవాళ్టి పిల్లలు తీసుకెళ్తున్న ఆ జర్మన్ పుస్తకాల్ని తనే ఎన్నోసార్లు అరల్లో సర్దింది. వాటి వెనక ఒక మనిషి వదులుకున్న బతుకుతెరువు ఉందని ఎవరికి తెలుసు?

"అయితే తీసెయ్యలేదన్నమాట. ఆయనే వెళ్లాడు" అన్నాడు వాల్టర్. ఫోన్ తీసి, "నా చెల్లెలు ఎల్సాకి కలిపి పెట్టమ్మా" అన్నాడు.

దేదీప్య కలిపి, స్పీకర్ ఆన్ చేసింది.

"ఎల్సా, తాతయ్యని ఎవరూ వెళ్లగొట్టలేదు. విను, అర్థం నేను చెబుతాను" అన్నాడాయన.

దేదీప్య పుస్తకాన్ని ఫోన్ దగ్గరికి జరుపుకుని, మొదటి మాట నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.