ఫాదర్ల బడికి వెనక గేటు

మా ఈశ్వర్ని ఆరో తరగతికి ఫాదర్ల హైస్కూల్లో వేసి, హాస్టల్లో ఉంచుతానని నేను అన్న రోజు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా ఆయన లక్ష్ముడు చేపల వేటకని గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు. ఫోన్లో "నీ ఇష్టమే దేవీ" అని ఊరుకున్నాడు. ఊరుకోనిది మా అత్త కూర్మమ్మ.

"ఫాదర్లు మతం మార్సేస్తారే! గంగమ్మ తల్లికి మొక్కే పిల్లడు రేపు మెడలో సిలవేసుకుని వస్తాడు" అంది.

"పన్నెండేళ్ళ నుంచి ఆ బడికి సేపలేస్తన్నాను. నన్నేటైనా మార్సినారా? మరి ఆడ్నేటి మార్సుతారు?" అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుని ఎండు చేపలు తిరగెయ్యడానికి పోయింది.

శ్రీకాకుళంలో అందరూ బడిని ముందు నుంచి చూస్తారు. బిల్డింగు, బస్సులు, గేటుకి కట్టిన ర్యాంకుల ఫ్లెక్సీలు. నేను చూసేది వెనక నుంచి, వంటింటి అరుగు మీద తట్ట దించుకుని. శుక్రవారం ఫాదర్లు మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజు హాస్టలుకంతా చేపలే. ఇదివరకు ఇంకో హాస్టలుకి కూడా వేసేదాన్ని. పేరెందుకు గానీ, అక్కడ ఖరీదైన వంజరం చేప మేనేజరు గారింటికి, మెత్తబడిపోయిన చిన్న కవళ్ళు పిల్లలకి. ఇదేమిటని అడిగితే "పిల్లలకేగా" అన్నారు. ఒళ్ళు మండి అక్కడ వెయ్యడమే మానేశాను.

ఫాదర్ల బడికి ఒకసారి, పెద్ద ఫాదరు గారి కోసమని మంచి వంజరం పట్టుకెళ్ళాను. వంటమనిషి బుల్లమ్మ లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ నా తట్టలోకే తెచ్చేసింది. "అందరికీ సరిపోయేటట్టయితే తెమ్మన్నారు. నేకపోతే ఎప్పటిలాగ సవక సేపలు, కానాగడతలే తెమ్మన్నారు" అంది. ఫాదర్లకీ పిల్లలకీ అక్కడ ఒకటే గంగాళం. నా కొడుకు ఆ గంగాళంలోదే తినాలని ఆ రోజే అనేసుకున్నాను.

మా మరిది నరసింగరావు ఎచ్చెర్ల యూనివర్సిటీలో అటెండరు. చదువుల సంగతి ఈ జిల్లా మొత్తానికి తనకే తెలిసినట్టు మాట్లాడతాడు. "ఫాదరు గారు పిల్లోడ్ని ఇంగ్లీషులో అడుగుతారు వదినా, మీ అమ్మేటి సేస్తాదని. సేపలని సెప్పనీకు. హౌస్ వైఫ్ అని సెప్పించు. ఉన్నవి నాలుగే సీట్లు, మనోడి సీటు పోతాది" అన్నాడు.

ఆ మాట ఇంకెప్పుడైనా అంటే దుమ్ము దులిపేసేదాన్ని. సీటు పోతుందనేసరికి సరేననేశాను. వారం రోజులు ఈశ్వర్ "మై మదర్ ఈజ్ ఎ హౌస్ వైఫ్" అని బట్టీ పడుతుంటే వింటూ కూర్చున్నాను. సిగ్గేసింది, అయినా ఊరుకున్నాను.

ఇంటర్వ్యూ శుక్రవారం పడింది. పట్టుచీర కట్టుకున్నాను గానీ, శుక్రవారం పూట బుల్లమ్మకి చేపలు వెయ్యకుండా ఎలాగ? ఒక చేత్తో తట్ట, ఒక చేత్తో కొడుకు, బస్సెక్కేశాను. కాళ్ళు వాటంతటవే వెనక గేటుకి పోయాయి. చేపలు తూచి ఇచ్చి, వాడితో కలిసి వంటింటి అరుగు మీద కూర్చున్నాను. పన్నెండేళ్ళుగా ఆ బడిలో నాకు ఏ కబురైనా అక్కడికే వచ్చేది. ఇంటర్వ్యూ కబురు కూడా అక్కడికే వస్తుందనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

గంట పోయాక బుల్లమ్మ బయటికొచ్చి నన్ను చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? ముందాఫీసులో పేర్లు పిలిసేస్తన్నారే!"

ఇద్దరం పరుగెత్తాం. ఆఫీసు గుమ్మంలో టీచరమ్మ రిజిస్టరు మూసేస్తోంది. "ఈశ్వర్ పేరు రెండుసార్లు పిలిచామమ్మా. ఇంక అయిపోయింది" అంది.

"ఏటైపోయినాది? ఫాదరు గారు లోపలే ఉన్నారు గదా!" అని తలుపు తోసుకుని వెళ్ళిపోయాను.

పెద్ద ఫాదరు గార్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. తెల్లజుట్టాయన. "ఇంత ఆలస్యమేమిటమ్మా?" అన్నారు.

"బస్సు లేటు బాబూ" అన్నాను.

"మీ అబ్బాయికి మా బడే ఎందుకు?"

"క్రమశిక్షణ బాగుంటాదని" అన్నాను. అది మరిది నేర్పిన మాట. నోట్లో ఇసుక పడ్డట్టుంది నాకు.

ఆయన ఈశ్వర్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగారు. మదర్ అన్న ముక్క వినిపించింది. ఇదే ఆ ప్రశ్న. హౌస్ వైఫ్ అనెయ్యరా నాయనా అని లోపల గంగమ్మ తల్లికి మొక్కుకున్నాను.

వాడు నిటారుగా నిలబడ్డాడు. "మై మదర్ సెల్స్ ఫిష్, ఫాదర్. ఎవ్రీ ఫ్రైడే, ఇన్ యువర్ కిచెన్" అన్నాడు.

నాకు ఇంగ్లీషు రాదు. ఫిష్ అంటే ఏమిటో మాత్రం తెలుసు. సీటు పోయిందనుకున్నాను.

ఫాదరు గారు కళ్ళజోడు తీసి, నా చేతులకి అంటుకున్న పొలుసు వైపు చూశారు. "అయితే ఆ రోజు వంజరం తెచ్చింది మీరేనా?" అన్నారు.

ఇంక దాచేదేముంది? "నానే బాబూ! మీరు తిప్పి పంపినారు సూడండి, అందుకే నా కొడుకుని ఇక్కడికి తెచ్చినాను. క్రమశిక్షణా నేదు, గాడిదగుడ్డూ నేదు!" అనేశాను.

ఆయన పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఫారం మీద సంతకం పెట్టి, "శుక్రవారం కూర బాగుంటుందిరా ఇక్కడ" అని వాడి భుజం తట్టారు.

బయటికొచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "సిన్నాన్న సెప్పమన్నది ఎందుకు సెప్పనేదురా?" అని అడిగాను.

"హౌస్ వైఫంటే ఎవులు నమ్ముతారమ్మా? నీ సేతులు ఇంకా సేపల వాసనేస్తన్నాయి" అన్నాడు.

తట్ట వంటింటి దగ్గరే ఉండిపోయింది. అలవాటుగా వెనక గేటు వైపు తిరిగాను. "నువ్విక్కడే ఉండు, నాను తెస్తాను" అని వాడు పరుగెత్తి తెచ్చాడు. ఖాళీ తట్ట తన నెత్తిన పెట్టుకుని, వాసన వేసే నా చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా ముందు గేటు నుంచి నడిపించుకెళ్ళాడు.