పారేయమన్న నాచు

"చదువు సంగతి అడిగితే డిగ్రీ అని చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క నోట్లోంచి రాకూడదు," అంది అత్తగారు బడి గేటు దగ్గర. కోడలు తలూపింది.

కోడలికి నాచు మీద డాక్టరేట్ ఉంది, ఉద్యోగం లేదు. కాలేజీలు ఖాళీల్లేవన్నాయి. మందుల షాపువాడూ, ఆసుపత్రి కౌంటరువాళ్ళూ "ఇంత చదివి ఇక్కడెందుకమ్మా" అన్నారు. అందుకే ఈసారి దరఖాస్తులో డాక్టరేట్ రాయొద్దని అత్తగారే తీర్మానించింది. ఆ చదువంటే ఆవిడకి మొదటినుంచీ చిన్నచూపే. బాత్రూం గోడకి పట్టే నాచుని ఆవిడ చీపురుతో గోకి పారేస్తుంది. దాని మీద ఏళ్ళకేళ్ళు చదవడానికి ఏముంటుంది?

ఉద్యోగం సైన్సు ల్యాబులో హెల్పరుది. టీచరమ్మ ప్రశ్నలేమీ వేయలేదు. స్లైడులు కడగమంది, బీరువా సర్దమంది. కోడలు గాజు పలకల్ని అంచులు పట్టుకుని కడిగింది. టీచరమ్మ తృప్తిగా తలాడించింది. స్టూలు మీద కూర్చున్న అత్తగారు, పని ఖాయమైనట్టేనని ఊపిరి పీల్చుకుంది.

బీరువా అడుగున ఒక అట్టపెట్టె దొరికింది.

"ఎండిపోయిన నాచు. మావాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తెచ్చాను, ఇప్పుడు వాడు ఎనిమిది. పారేయ్," అంది టీచరమ్మ.

కోడలు చెత్తబుట్ట దాకా వెళ్ళి ఆగింది. "కాసేపు నానబెట్టనా మేడం?"

అత్తగారు స్టూలు మీంచి ముందుకి వంగింది. "నానబెట్టి కూర వండుతావా? పారేయవే," అని గొణిగింది. అప్పటికే నాచు నీళ్ళలో ఉంది.

అరగంట తర్వాత కోడలు దాన్ని పిండి, ఒక చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టింది. టీచరమ్మ వంగి చూసింది. కన్ను తీయకుండానే అంది:

"ఏటేటా పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్తాను. కంటితో చూడ్డం ఇదే మొదలు."

అత్తగారి వంతు వచ్చింది. మొదట తన కనురెప్పలే కనబడ్డాయి. తర్వాత వెలుగులో ఒక ముద్ద. ముద్దలోంచి ఒక కాలు చాచుకుంది, ఇంకొకటి, మొత్తం ఎనిమిది. అది లేచి, నిండు చూలాలు మెట్లెక్కినట్టు, నాచు ఆకు మీదకి ఎక్కసాగింది.

"ఏమిటే ఇది?"

"నీటి ఎలుగుబంటి అంటారు, కంటికి ఆనని పురుగు. నాచుతోపాటే ముడుచుకుని ఎండిపోతుంది. నీళ్ళు తగిలితే లేస్తుంది."

"చచ్చి బతికిందా?"

"చావలేదు అత్తయ్యా. ఎండిందంతే."

"మీ కోడలు ఎంతవరకు చదివిందండీ?" అంది టీచరమ్మ.

డిగ్రీ అన్న మాట అత్తగారి నాలిక చివరే ఉంది. కన్ను మాత్రం ఇంకా ఆ ఎనిమిది కాళ్ళ మీదే ఉంది.

"డాక్టరు," అంది. "నాచు డాక్టరు."

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "ఇదివరకు ఒకామె ఇలాగే చదువు దాచి చేరి, నెల తిరక్కుండా వెళ్ళిపోయింది. పెద్ద చదువులవాళ్ళు వద్దని ప్రిన్సిపాల్ గారి మాట. నా చేతుల్లో లేదు తల్లీ." కాస్త ఆగి, "ఆ స్లైడు మాత్రం ఉంచి వెళ్ళు. పిల్లలు చూడాలి," అంది.

ఇద్దరూ బస్టాపు దారి పట్టారు.

"చెప్పొద్దని మీరే అని, మీరే చెప్పేశారు," అంది కోడలు.

"దాన్ని చూస్తూ అబద్ధం ఎలా ఆడమంటావ్? ఇకమీదట ఎక్కడికెళ్ళినా ఉన్నదంతా రాయి. తీసుకుంటే తీసుకుంటారు." నాలుగడుగులేసి ఆగింది. "మన బాత్రూం గోడ మీద కూడా...?"

"ఉండే ఉంటాయి."

"ఇన్నాళ్ళూ చీపురుతో గోకానే! ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

ఇంటికి రాగానే ఆవిడ తిన్నగా బాత్రూంలోకి నడిచింది. మూల మిగిలిన కాస్త నాచు మీద చెంబుతో నీళ్ళు చిలకరించి, అక్కడే నిలబడింది.