మనవరాలి పలక మీద నా పొడి

నేను చెప్పిన కథలన్నింటిలోనూ పొట్టేలు కథకే ఆయుష్షు ఎక్కువ. మా నాయన మందలో ఒక పొట్టేలు కాలు విరిగి కుంటుతూ పోయి, మా చేని గట్టు మీది ముళ్ళకంప కింద ఏదో వేరు తవ్వుకొని తినిందనీ, మూడో నాడే నిడుగల్లు కోట గోడెక్కి ఇవతలి బండ మీదికి దుమికిందనీ చెప్పేవాణ్ణి. మొదట్లో అది దుమికింది నాలుగు బారలే. నా వయసుతో పాటు ఆ దుముకూ పెరిగింది. నాకు డెబ్బై నాలుగు నిండేసరికి పొట్టేలు అవతలి ఊరు మంగళవాడ దాకా పోయి పడింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్తే మోకాళ్ళ పొడి ఇవ్వనని భయం.

మా ఊరు క్యాతగానచెర్లులో నా పేరు చిన్నరంగప్ప అని రేషను కార్డులో తప్ప ఎక్కడా లేదు. పొడి రంగప్ప అంటేనే తెలుస్తుంది. ఒకప్పుడు శనక్కాయ చేలల్లో వంగి వంగి మోకాళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళు, ఇప్పుడు అవే చేలల్లో పరిచిన సోలార్ పలకల కింద గొంతుకూర్చొని గడ్డి కోస్తూ పోగొట్టుకుంటున్నారు. నొప్పి మాత్రం పాతదే. అందరూ నా గడపకే వచ్చేవాళ్ళు. పొడికి నేను పైసా తీసుకోలేదు. నేను పోతూంటే అరుగు మీది వాళ్ళు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు చూడండి, అదే తీసుకున్నాను. తక్కువదేమీ కాదు.

వేరు మాత్రం నిజం. మా నాయన దాన్ని తవ్వి, ఎండబెట్టి, నూరి ఇచ్చేవాడు. నొప్పి తగ్గేదో, తగ్గిందని వాళ్ళు అనుకునేవాళ్ళో నాకు తెలియదు. చేను సోలార్‌కు ఇచ్చినప్పుడు యంత్రం వచ్చి గట్టును చదును చేసింది. కంప పోయింది, వేరూ పోయింది. నిడుగల్లు గుట్ట మీద ఆ కంప ఉందని తెలుసు. కానీ గుట్ట ఎక్కడానికి మోకాళ్ళు కావాలి కదా, నావి అప్పటికే పోయాయి. మోకాళ్ళ మందు ఇచ్చేవాడి మోకాళ్ళు పోయాయని ఎవరితో చెప్పుకునేది? పావగడకు ఎవరికీ తెలియకుండా పోయి నొప్పి మాత్రలు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం ఒకటి మింగితే సాయంత్రానికి మేకపిల్లలా నడిచాను. ఆ నడకలోనే నాకు బుద్ధి పుట్టింది.

అప్పటినుంచి నా పొడి అంటే శొంఠి, వేయించిన ఉలవపిండి, గుప్పెడు మాత్రలు. మూడేళ్ళు. మా నాయన పొడికి పదిరోజులకు లేచేవాళ్ళు నా పొడికి పూటలో లేచారు. నా చెయ్యి మంచిదన్నారు. నేను తల వంచుకొని, అంతా పొట్టేలు పుణ్యం అన్నాను. ఖాళీ మాత్రల అట్టలు పారేస్తే ఎవరైనా చూస్తారని, ట్రంకు పెట్టెలో పంచెల కింద దాచాను.

అందరికంటే ఎక్కువ పొడి తిన్నది మా అక్క కరియమ్మ. ఎదురిల్లే. సొంత అక్క కదా అని ఆమెకు ఒక చారెడు ఎక్కువే పోసేవాణ్ణి.

మా కొడుకు ధనంజయ కూతురు భూమిక తుమకూరులో ఫార్మసీ చదువుతోంది. ఈ ఏడు అందరూ ఒక్కో నాటు మందును పరీక్ష చేసి ప్రాజెక్టు రాయాలన్నారట. మిగతా పిల్లలు తులసి, వేప అని చెప్పి కూర్చుంటే, మాది లేచి నిలబడి పొట్టేలు కథంతా చెప్పి, మా తాత పొడి తెస్తానందట. ఫోనులో ఈ మాట విన్నప్పుడే నేను వద్దని ఉండాల్సింది. అనలేదు. పైగా ఏం చేశానో వినండి. పరీక్ష అంటే మందులో దమ్ముందో లేదో చూస్తారని నా లెక్క. నాలుగో తరగతి చదువు నాది. మనవరాలు పదిమందిలో తల ఎత్తుకోవాలని, ఆమె పొట్లంలో ఇంకో మూడు మాత్రలు ఎక్కువ నూరి కలిపాను.

ఆ పిల్ల పొట్లం తీసుకొని, నాకు చెప్పకుండా ఇంకో పని చేసింది. వంటింటి దూలానికి మా నాయన కట్టిన పాత వేరు ముక్క మసి పట్టి వేలాడుతుంటే, దానిలోంచి వేలెడు విరుచుకొని పోయింది.

రెండు వారాలకు ఆదివారం పొద్దున వచ్చింది. ఎప్పుడూ వస్తూనే పొయ్యి దగ్గరికి పోయే పిల్ల, ఆ రోజు నా మంచం పక్కనే కూర్చొని నోటు పుస్తకంలోంచి ఒక చిన్న పలక తీసింది. అరచేతిలో సగం ఉంటుంది. ఒక పక్క సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అడుగున పెన్సిలు గీత, గీత మీద మూడు చుక్కలు, పైన అక్కడక్కడ పెన్సిలుతో సున్నాలు. బడికి పోయే రోజుల్లో నా పలక మీద అయ్యవారు పెట్టిన సున్నాలు గుర్తొచ్చి, నీకు కూడా సున్నాలేనా పాపా అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు.

"నువ్వు ముందర గొర్రెల మందను గుట్ట కింద వదుల్తా ఉంటివి కదా తాతా," అంది. "గొర్రె ఒక తావున నిలుస్తాది, మేక ఇంకా పైకి పోతాది. ఇది కూడా అంతే. మందును నీళ్ళ మాదిరి దాంట్లో కరిగించి ఈ గీత మీద చుక్క పెడతాము. పలకను గాజు జాడీలో నిలబెడితే, అడుగున పోసిన ద్రావకం పైకి పాకుతా దాన్ని ఎక్కిస్తాది. మందులో ఏమేమి ఉండాయో అవన్నీ విడిపోయి, దేని ఎత్తులో అది నిల్చిపోతాది. ఒకే జాతిది ఒకే ఎత్తులో నిలుస్తాది. కంటికి కనపడదు. ల్యాబులో ఒక దీపం ఉండాది, దాని కింద పెడితే మచ్చలు నల్లగా తేలతాయి. అప్పుడు పెన్సిలుతో చుట్టినా."

మొదటి చుక్క ముత్తాత వేరు, రెండోది నీ పొడి, మూడోది మెడికల్ షాపు నొప్పి మాత్ర అని చూపించింది. ఇట్లాంటి పొడుల పక్కన ఒక మాత్రను కూడా పెట్టి చూడమని లెక్చరర్ చెప్పిందట. మూడో చుక్క పైన ఒక పెద్ద సున్నా ఉంది. రెండో చుక్క పైన, సరిగ్గా అదే ఎత్తులో, ఇంకో సున్నా. అది అన్నింటికంటే పెద్దది. నేను ఎక్కువ నూరిన మూడు మాత్రలు అక్కడ నిలబడి నన్ను చూస్తున్నాయి.

"వేరులో ఉండే మచ్చ ఒక్కటి కూడా నీ పొడిలో లేదు," అంది. "నేనే తప్పు చేసినానేమోనని మూడు తూర్లు చేసినా. కడాకు నీ పొడినీ మాత్రనీ ఒకే చుక్క మీద పెట్టి ఎక్కించినా. రెండు జాతులైతే విడిపోవల్ల కదా. విడిపోలేదు తాతా."

అందరి ముందరా పొట్టేలు కథ చెప్పింది ఆ పిల్ల. అందరి ముందరే ఆ దీపం వెలిగింది. ఎవరేమన్నారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా కళ్ళు పలక మీదే ఉన్నాయి. ఆమె ముఖం చూడటం నాకు చేతకాలేదు.

"కరియమ్మవ్వ కాళ్ళు వాచినాయి, చూసినావా?" అంది. "ఆ మాత్ర రోజూ తింటే కిడ్నీ పోతాది. నువ్వు చెప్తావా, నేను చెప్పల్నా?"

నేనే చెప్తానన్నాను. కర్ర పట్టుకొని ముందు సోలార్ గేటు దగ్గరికి పోయాను. గడ్డి కోసే ఆడవాళ్ళు రేకుల నీడలో సద్ది తింటున్నారు. నా పొడి తినొద్దని, దానిలో ఉన్నది అంగడి మాత్రలని చెప్పాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. వాళ్ళలో ధనలక్ష్మి అనే ఆమె ముద్ద చేతిలో పట్టుకొని, పొట్టేలు ఆ మాత్రలు పావగడలో ఏ అంగట్లో కొన్నిందప్పా అని అడిగింది. మళ్ళీ నవ్వారు. అంత నిజాన్ని నేను ఎప్పుడూ చెప్పలేదు. నా నోట్లోంచి వచ్చేసరికి అది కూడా కథే అయింది.

అక్క ఇంటికి పోయాను. భోంచేసి, అరచేతిలో పొడి పోసుకొని కూర్చుంది. నేను చెప్పేదంతా విని, బోసి నోటితో నవ్వి, పొడి నోట్లో వేసుకొని నీళ్ళు తాగింది. నా కళ్ళ ముందరే మింగింది.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచాను. పంచెల కింద ఉన్న అట్టలన్నీ గోతం సంచిలో నింపి, వీధి దాటి, ఆమె ముందర గుమ్మరించాను. ఎండకు అవి సోలార్ పలకల్లా మెరిశాయి. అక్క ఒక అట్ట తీసి అటూ ఇటూ తిప్పింది. నా వెనకే వచ్చిన భూమికను చదవమంది. భూమిక చదివింది. అక్క ఇంకోటి తీసింది. అదీ చదవమంది. అదే పేరు. మూడోది తీసి చదవమనలేదు, కింద పెట్టేసింది.

మరునాడు ముగ్గురమూ పావగడ ఆసుపత్రికి పోయాము. డాక్టరు అక్క పాదాన్ని వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అట్లాగే ఉంది. ఏం మందు తింటున్నారని కన్నడంలో అడిగాడు. అక్క నా వైపు చూసింది. సిగ్గు లేని నా నోటికి మొదట పొట్టేలే వచ్చింది. దాన్ని మింగి, మాత్ర పేరు చెప్పాను. ఎంత మోతాదు అన్నాడు. గుప్పెడు అన్నాను. అతను రాస్తున్న పెన్ను ఆగింది. నన్ను తిట్టలేదు. నా గుప్పిటి వైపు చూశాడు, అంతే. నేను చెయ్యి పంచె మడతలో దాచుకున్నాను.

రక్తం తీశారు. కిడ్నీలు దెబ్బతిన్నట్టే ఉందని, ఎంతవరకో రెండు రోజుల్లో తెలుస్తుందని, ఆ మాత్ర మళ్ళీ ముట్టవద్దని చెప్పాడు.

బస్టాండులో భూమిక నీళ్ళు తేవడానికి పోయింది. అక్కా నేనూ బెంచీ మీద ఆ చివరొకరం, ఈ చివరొకరం కూర్చున్నాము. ఏదో ఒకటి అనాలని, ఆ పొట్టేలు కథ ఎందుకు మొదలుపెట్టానో అక్కా, అంతా దాంతోనే వచ్చింది అన్నాను.

"కాలు విరిగిన పొట్టేలును నాయన ఆ పొద్దే కోసినాడు కదరా," అంది అక్క. "దాని ఈరలు నిప్పుల మీద నేనే కాల్చినా. నువ్వు రెండు తూర్లు పెట్టించుకొని తిన్నావు. నీ కత నమ్మి నేను పొడి తినలేదు రంగా. నువ్వు ఇచ్చినావని తిన్నా."

భూమిక నీళ్ళ సీసాతో వచ్చి, ముందు అవ్వకు ఇచ్చి, తర్వాత నాకు ఇచ్చింది. బస్సు వచ్చింది. అక్క లేవలేక చెయ్యి చాచింది. పట్టుకొని లేపాను. ఆమె మోకాళ్ళూ నా మోకాళ్ళూ కలిసి కటకటమన్నాయి.